ప్రిలిమ్ మెడిసిన్ ఏడాది: బరువు గంటల్లో కాదు, బ్లాకుల్లో ఉంది

అమెరికాలో రెసిడెన్సీకి (ఆసుపత్రిలో పీజీ శిక్షణకు) వెళ్తున్నవారు, ఇప్పటికే వెళ్లినవారు, వారి ఇళ్లవాళ్లు ఈ నెల రాసిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ప్రిలిమినరీ మెడిసిన్ ఇంటర్న్‌షిప్ గురించే. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: అనస్థీషియాకు దరఖాస్తు చేస్తున్నాను. అడ్వాన్స్‌డ్ సీటు వస్తే ముందు ఏడాది ప్రిలిమ్ చేయాలట. ఇక్కడ హౌస్ సర్జన్సీ చేసినవాళ్లకు ఇది మళ్లీ అదే పనా? టీవై అయితే తేలిక అంటున్నారు, నిజమేనా?
(డా. ఎస్., విజయవాడ)

అనస్థీషియా, డయాగ్నొస్టిక్ రేడియాలజీ, డెర్మటాలజీ, న్యూరాలజీ, రేడియేషన్ ఆంకాలజీ వంటి విభాగాల్లో కొన్ని సీట్లు రెండో ఏడాది నుంచే మొదలవుతాయి. వాటినే అడ్వాన్స్‌డ్ సీట్లంటారు. మొదటి ఏడాదికి వేరే సీటు వెతుక్కోవాలి. ఆ ఏడాది ఇంటర్నల్ మెడిసిన్‌లో గడిస్తే ప్రిలిమ్ మెడిసిన్, సర్జరీలో గడిస్తే ప్రిలిమ్ సర్జరీ, అన్నీ కలగలిపితే ట్రాన్సిషనల్ ఇయర్, అంటే టీవై. మూడేళ్లూ మెడిసిన్‌లోనే ఉండే సీటు కేటగారికల్.

హౌస్ సర్జన్సీలో రోగుల్ని చూసిన అనుభవం ఎక్కడికీ పోదు గానీ పని తీరు వేరు. రక్తం తీయడం, సెలైన్ ఎక్కించడం, శాంపిళ్లు పట్టుకుని ల్యాబుకు పరుగెత్తడం అమెరికాలో చాలా ఆసుపత్రుల్లో ఇంటర్న్ పని కాదు. కొన్ని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో మాత్రం ఇప్పటికీ మీద పడుతుంది. రోగికి వేసే ప్రతి ఆర్డరు, రాసే ప్రతి నోటు, కన్సల్ట్ (వేరే విభాగం డాక్టరు సలహా) కోసం చేసే ప్రతి ఫోను, ఇంటికి పంపేటప్పుడు మందుల జాబితా సరిచూడటం, ఇన్సూరెన్స్ వాళ్లు అడిగే కాగితాలు మీవి. కాళ్లకన్నా తల ఎక్కువ అలిసిపోతుంది.

వార్డులో కేటగారికల్ ఇంటర్న్‌కీ ప్రిలిమ్ ఇంటర్న్‌కీ పనిలో తేడా కనిపించదు. తేడా ఏడాది షెడ్యూల్లో ఉంటుంది. కేటగారికల్‌కు తన సొంత క్లినిక్ (ఆసుపత్రి ఓపీ) ఉంటుంది కాబట్టి దానికి వారాలు కేటాయిస్తారు. చాలా చోట్ల ప్రిలిమ్‌కు క్లినిక్ ఉండదు. ఆ ఖాళీని ఎలెక్టివ్‌తో (తామే ఎంచుకున్న విభాగంలో గడిపే వారాలతో) నింపే ప్రోగ్రాములు ఉన్నాయి, అదనపు రాత్రి డ్యూటీలతో నింపేవీ ఉన్నాయి. మీ ఏడాది ఎలా గడుస్తుందన్నది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

టీవైలో ఎలెక్టివ్‌లు ఎక్కువ కాబట్టి సగటున తేలికే. కానీ సీట్లు తక్కువ, పోటీపడేది డెర్మటాలజీ, రేడియాలజీలకు వెళ్లే మంచి స్కోర్లవాళ్లు. పైగా రద్దీ ఆసుపత్రిలో టీవై కన్నా చిన్న కమ్యూనిటీ ఆసుపత్రిలో ప్రిలిమ్ హాయిగా ఉండొచ్చు. పేరు చూసి తేల్చకండి. ఇంకో మాట: కొన్ని విభాగాలు, ముఖ్యంగా న్యూరాలజీ, మొదటి ఏడాదిలో మెడిసిన్ నెలలు ఇన్ని ఉండాలని అడుగుతాయి. టీవై సరిపోతుందో లేదో ర్యాంక్ చేసే (సీట్ల కేటాయింపుకు మీ ఇష్టాల వరస ఇచ్చే) ముందే అడ్వాన్స్‌డ్ ప్రోగ్రామ్‌ను మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి.

ప్రశ్న: వారానికి 80 గంటలు దాటకూడదన్న నిబంధన కాగితం మీదేనా? కొన్ని వారాలు 88 గంటలు చేశామని సీనియర్లు చెబుతున్నారు.
(డా. కె. ఆర్., వరంగల్)

మీ సీనియర్ 88 గంటలు చేసి ఉండొచ్చు, ప్రోగ్రామ్ నిబంధన మీరకుండానూ ఉండొచ్చు. 80 అనేది నాలుగు వారాల సగటు. 88, 84, 72, 60 గంటల వారాలు వరుసగా వచ్చాయనుకోండి. మొత్తం 304, సగటు 76. నిబంధన ప్రకారం తప్పేమీ లేదు.

అక్రెడిటేషన్ సంస్థ ఏసీజీఎంఈ పెట్టిన మిగతా హద్దులు ఇవి. వారానికి ఒక రోజు పూర్తి సెలవు, అదీ నాలుగు వారాల సగటుతోనే. ఏకధాటిగా 24 గంటలకు మించి డ్యూటీ కూడదు. ఆ పైన నాలుగు గంటల వరకు ఉండొచ్చు గానీ రోగుల్ని అప్పగించడానికీ చదువుకూ మాత్రమే, కొత్త రోగిని తీసుకోకూడదు. 24 గంటల డ్యూటీ తర్వాత 14 గంటల విరామం తప్పనిసరి. ఆసుపత్రిలోనే ఉండే రాత్రి కాల్ సగటున మూడు రాత్రులకు ఒకటి మించకూడదు. మొదటి ఏడాదివాళ్లు మూన్‌లైటింగ్ (బయట అదనపు డ్యూటీ) చేయకూడదు, కాబట్టి పై సంపాదన లెక్కలు వేసుకోకండి.

ఇంట్లో కూర్చుని ల్యాప్‌టాప్‌లో పూర్తి చేసే నోట్స్ 80 గంటల్లోకే వస్తాయి. ఇంటి దగ్గర చదువుకోవడం, ప్రయాణం రావు. చాలామంది ఇంటి నోట్స్‌ను లెక్కలో రాయరు. ‘నువ్వు నెమ్మది’ అంటారేమోనన్న భయం. అలా రాయకపోవడం వల్లే టీముకు ఇంకో ఇంటర్న్ అవసరమన్న సంగతి బయటపడదు.

ఈ హద్దుల వెనక పెద్ద చరిత్రే ఉంది. 1984లో న్యూయార్క్‌లో లిబీ జయాన్ అనే 18 ఏళ్ల అమ్మాయి ఆసుపత్రిలో చేరిన కొద్ది గంటల్లోనే చనిపోయింది. ఆ కేసు రేపిన చర్చతో న్యూయార్క్ రాష్ట్రం 1989లో పని గంటలకు హద్దు పెట్టింది. దేశమంతటికీ 80 గంటల నియమం 2003లో వచ్చింది. 2011లో ఇంటర్న్‌లకు ఒక విడత 16 గంటలే అన్నారు. దానివల్ల రోగులు చేతులు మారడం ఎక్కువైందన్న వాదన బలపడి 2017 జులై నుంచి మళ్లీ 24కు తెచ్చారు. కాబట్టి 16 గంటల గురించి చెప్పే పాత సలహాలు చదివి మోసపోకండి.

గంటలు నిజంగానే దాటుతుంటే ముందు చీఫ్ రెసిడెంట్‌కు, తర్వాత ప్రోగ్రామ్ డైరెక్టర్‌కు, అక్కడా కదలకపోతే ఆసుపత్రి జీఎంఈ (రెసిడెంట్ల శిక్షణ చూసే) ఆఫీసుకు చెప్పండి. ఏటా ఏసీజీఎంఈ నేరుగా రెసిడెంట్ల సర్వే చేస్తుంది. ఎవరేం రాశారో ప్రోగ్రామ్‌కు తెలియదు. అందులో నిజం రాయండి.

ప్రశ్న: ఇంటర్వ్యూల్లో ప్రతి ప్రోగ్రామూ ‘మాది కుటుంబంలా ఉంటుంది’ అంటోంది. పని బరువు ఎంతో తెలుసుకునేదెలా? ర్యాంక్ లిస్టులో ప్రిలిమ్‌లను ఎలా పెట్టాలి?
(డా. పి., హైదరాబాద్)

‘బరువు ఎక్కువా?’ అని అడిగితే ఎవరైనా ‘బ్యాలెన్స్‌డ్‌గా ఉంటుంది’ అనే అంటారు. అంకెలు వచ్చేలా అడగండి. అడగాల్సింది కూడా ప్రస్తుత ప్రిలిమ్ ఇంటర్న్‌ని. కేటగారికల్ వాళ్లు అబద్ధం చెప్పరు గానీ వాళ్ల షెడ్యూలు వేరు.

ఏడాదిని సాధారణంగా నాలుగేసి వారాల 13 బ్లాకులుగా విడదీస్తారు. వార్డు, ఐసీయూ, నైట్ ఫ్లోట్ (వరుసగా రాత్రి డ్యూటీలు) కలిపి ప్రిలిమ్‌కు ఎన్ని బ్లాకులో అడగండి. తొమ్మిది దాటితే బరువైన ఏడాది, ఏడు లోపైతే ఊపిరి పీల్చుకోవచ్చు. ఇది మా కొలమానమే, నిబంధన కాదు. నాలుగు వారాల వార్డు తర్వాత ఒక వారం క్లినిక్ ఇచ్చే ‘4+1’ పద్ధతి ఉన్నచోట ‘ఆ ఐదో వారం ప్రిలిమ్‌లు ఏం చేస్తారు?’ అని విడిగా అడగండి. తడబడుతూ జవాబిస్తే ఆ వారం ఖాళీలు నింపడానికి వాడుతున్నారనుకోవచ్చు.

తర్వాత రోగుల సంఖ్య. మొదటి ఏడాదివాళ్లకు ఒక అడ్మిటింగ్ రోజున కొత్త రోగులు ఐదుగురు, ఆసుపత్రిలోపలి బదిలీలు మరో ఇద్దరు, 48 గంటల్లో కొత్తవాళ్లు ఎనిమిది మంది, మొత్తం చూసుకునేవాళ్లు పది మంది. ఇంటర్నల్ మెడిసిన్ నిబంధనల్లో ఉన్న గరిష్ఠాలు ఇవి. అంకె అందరికీ ఒకటే. ఈ గరిష్ఠం నిండాక పదకొండో రోగి ఎవరి దగ్గరికి వెళ్తాడన్నదే అసలు ప్రశ్న. రెసిడెంట్లు లేని హాస్పిటలిస్ట్ (ఆసుపత్రిలో చేరిన రోగుల్నే చూసే డాక్టర్ల) టీమ్ ఉంటే అటు పోతాడు. లేకపోతే ‘ఈ ఒక్కడినీ చూడు’ అన్న ఫోన్లు వస్తూనే ఉంటాయి.

రాత్రుళ్లు నైట్ ఫ్లోటా, 24 గంటల కాలా? రాత్రి ఒక ఇంటర్న్ ఎంతమందిని చూస్తాడు? సీనియర్ ఆసుపత్రిలోనే ఉంటాడా? ఇంటర్న్‌లలో ఎవరికైనా జ్వరమొస్తే బదులు డ్యూటీకి ఎవరిని లాగుతారు? ఎలెక్టివ్‌లో ఉన్న ప్రిలిమ్‌నే ప్రతిసారీ లాగే చోట ఎలెక్టివ్ పేరుకే ఉంటుంది. ఎన్ని ఆసుపత్రుల మధ్య తిరగాలి, ఒక్కో చోట వేరే కంప్యూటర్ వ్యవస్థా అన్నది చిన్న ప్రశ్నలా ఉంటుంది గానీ, ప్రతి నెలా కొత్త స్క్రీన్ మీద ఆర్డర్లు వెతుక్కుంటే రోజుకు గంట పోతుంది.

ఇక ర్యాంకింగ్. సీట్లు కేటాయించే ‘మ్యాచ్’ నడిపే సంస్థ ఎన్ఆర్ఎంపీలో మీ ప్రధాన లిస్టులోని ప్రతి అడ్వాన్స్‌డ్ ప్రోగ్రామ్‌కూ ఒక సప్లిమెంటల్ లిస్టు (మొదటి ఏడాది సీట్ల జాబితా) జతచేయొచ్చు. అడ్వాన్స్‌డ్ సీటు వచ్చాకే ఆ సప్లిమెంటల్ లిస్టును చూస్తారు. అందులో ఏదీ రాకపోయినా అడ్వాన్స్‌డ్ సీటు పోదు. మీరు పాక్షికంగా మ్యాచ్ అయినట్టు లెక్క, మ్యాచ్ ఫలితాల వారం సోమవారం ఆ సంగతి తెలుస్తుంది, సోప్‌లో (మిగిలిపోయిన సీట్ల భర్తీలో) ప్రిలిమ్ వెతుక్కోవాలి. ఆ స్థితి రాకుండా సప్లిమెంటల్ లిస్టు పొడుగ్గా ఉంచండి. జత చేయడం మర్చిపోయిన అడ్వాన్స్‌డ్ ప్రోగ్రామ్ ఒక్కటున్నా, సరిగ్గా అదే వస్తే చిక్కు. లిస్టు సర్టిఫై (ఖాయం) చేసే ముందు ఒక్కొక్కటీ తెరిచి చూడండి. ఊళ్ల సంగతీ ఆలోచించండి. అడ్వాన్స్‌డ్ ఉన్న ఊళ్లోనే ప్రిలిమ్ దొరికితే, అది కొంచెం బరువైనదైనా, మేమైతే దాన్నే పైన పెట్టమంటాం. ఎందుకో చివరి ప్రశ్నలో తెలుస్తుంది.

ప్రశ్న: ఇంటర్న్‌గా రెండో నెల. ఎనిమిది మంది రోగులకే రాత్రి తొమ్మిదవుతోంది. నాతో చేరినవాళ్లు ఐదున్నరకు వెళ్లిపోతున్నారు. నాలో లోపమా?
(పేరు వద్దన్న పాఠకురాలు, ఒహాయో)

రెండో నెలలో నెమ్మదిగా ఉండటం లోపం కాదు. తొమ్మిదింటిదాకా ఉంటున్నారంటే మాత్రం చేతి వేగం కన్నా పనుల వరసనే అనుమానించాలి. ఎక్కువమంది చేసే పొరపాటు రౌండ్స్ కాగానే నోట్స్‌కు కూర్చోవడం. నోటు మీ ఒక్కరి పని, ఎప్పుడు రాసినా అవుతుంది. కన్సల్ట్, స్కానింగ్, డిశ్చార్జి పక్కవాళ్ల గడియారం మీద నడుస్తాయి. పదకొండింటిలోపు పిలిచిన కార్డియాలజీ ఆ రోజే చూసి వెళ్తుంది. మూడింటికి పిలిస్తే రేపే. రేపు అంటే మీ జాబితాలో ఆ రోగి ఇంకో రోజు, ఇంకో నోటు.

ఉదయం ఆరింటికి రాత్రి ఇంటర్న్ నుంచి సైనవుట్ (డ్యూటీ మారేటప్పుడు రోగుల అప్పగింత) తీసుకోండి, పది నిమిషాలు చాలు. తర్వాత ఒక్కో రోగికి చార్టులో నాలుగైదు నిమిషాలు, మంచం దగ్గర ఐదు నిమిషాలు. చార్టులో ఒకే వరస పాటించండి: రాత్రి ఏం జరిగింది, 24 గంటల వైటల్స్‌లో (బీపీ, నాడి, జ్వరం వంటివాటిలో) ఎక్కువ తక్కువలు, లోపలికి వెళ్లిన ద్రవాలు బయటికొచ్చినవి, ల్యాబ్స్, కొత్త స్కాన్, కన్సల్టెంట్ల నోట్స్, చివర్లో మందులు ఇచ్చిన రికార్డు. ఆఖరిది చాలామంది వదిలేస్తారు. అవసరమైతేనే ఇమ్మన్న నొప్పి మందు రాత్రి ఆరుసార్లు పడిందా, ఇన్సులిన్ ‘రోగి తినలేదు’ అని ఆపేశారా అన్నది అక్కడే తెలుస్తుంది. ముందు బాగా జబ్బుగా ఉన్నవాళ్లను, ఆ తర్వాత ఈరోజు ఇంటికెళ్లేవాళ్లను, చివర మిగతావాళ్లను చూడండి. గది నంబర్ల వరసలో తిరగకండి.

రౌండ్స్‌లో తోటి ఇంటర్న్ ప్రెజెంట్ చేస్తుంటే చక్రాల కంప్యూటర్ మీద అతని ఆర్డర్లు మీరు వేయండి, మీ వంతులో అతను వేస్తాడు. ఈ ఒప్పందం మొదటి రోజే కుదుర్చుకుంటే రౌండ్స్ ముగిసేసరికి సగం ఆర్డర్లు అయిపోతాయి. చేతిలో ఒక కాగితం, రోగికొక గడి, పనికొక చిన్న చతురస్రం. ఆర్డర్ వేశాక సగం నింపండి, ఫలితం చూశాక పూర్తిగా నింపండి. ‘సీటీ పెట్టాను’ అనుకుని రిపోర్టు చూడటం మర్చిపోవడం ఇంటర్న్‌లకు మామూలుగా జరిగే ప్రమాదం. సగం నిండిన చతురస్రాలే సాయంత్రం సైనవుట్‌లో చెప్పాల్సినవి.

డిశ్చార్జి పని చేరిన రోజే మొదలుపెట్టండి. ఆసుపత్రిలో జరిగినదాన్ని రోజుకు రెండు వాక్యాల చొప్పున డిశ్చార్జి సమ్మరీలో పెంచుకుంటూ పోతే చివరి రోజు గంట పని పదిహేను నిమిషాలవుతుంది. నర్సింగ్ హోమ్‌కు (కోలుకునేదాకా నర్సులు చూసుకునే కేంద్రానికి) వెళ్లేట్టున్న పెద్దవయసు రోగికి మొదటి రోజే ఫిజికల్ థెరపీ ఆర్డర్ వేసి కేస్ మేనేజర్‌కు చెప్పండి. ఆలస్యం మందుల వల్ల కాదు, ఇన్సూరెన్స్ అనుమతి వల్ల. సంప్రదాయ మెడికేర్‌లో (పెద్దవయసువాళ్ల ప్రభుత్వ బీమాలో) నర్సింగ్ హోమ్ ఖర్చు ఇవ్వాలంటే వరుసగా మూడు రోజులు ఇన్‌పేషెంట్‌గా ఉండాలి. అబ్జర్వేషన్ హోదాలో (ఇన్‌పేషెంట్‌గా చేర్చుకోకుండా గమనిస్తూ) గడిచిన రోజులు అందులోకి రావు. నాలుగో రోజు ఈ సంగతి బయటపడితే కుటుంబంతో మాట్లాడాల్సింది మీరే.

నిన్నటి నోటును కాపీ చేయడం అందరూ చేస్తారు, వద్దంటే వినరు కూడా. కనీసం మూడింటిని రోజూ చేత్తో మార్చండి: యాంటీబయాటిక్ ఎన్నో రోజు, మూత్రం గొట్టం ఉందా తీశారా, రక్తం పలచబడే మందు ఇస్తున్నారా ఆపారా. నాలుగు రోజులుగా ‘రెండో రోజు యాంటీబయాటిక్’ అని ఉన్న నోటును ఫార్మసిస్టు చదివితే ఫోన్ మీకే.

మధ్యాహ్నం మూడింటికి ఇంకా నాలుగు నోట్స్ మిగిలితే సీనియర్‌కు అప్పుడే చెప్పండి. ఏడింటికి చెబితే ఆయన చేయగలిగింది ఏమీ ఉండదు. అక్టోబరు వచ్చినా ఇదే తీరైతే ఒక పూట మీ పక్కన కూర్చుని పని గమనించమని చీఫ్‌ను అడగండి. కంప్యూటర్లో ఆర్డర్ సెట్లు, టెంప్లేట్లు వాడకపోవడం లాంటి చిన్న కారణాలు పక్కవాళ్ల కంటికే కనిపిస్తాయి.

ప్రశ్న: వచ్చే నెల నైట్ ఫ్లోట్. తెలియని రోగులు యాభై మంది. రేడియాలజీకి వెళ్లేవాణ్ని, మెడిసిన్ అంత గట్టిగా రాదు. ఏం చదివి వెళ్లాలి?
(డా. వి., టెక్సస్)

రాత్రి ఇంటర్న్ పని జబ్బు నయం చేయడం కాదు. తెల్లారేదాకా క్షేమంగా దాటించడం, ఎవరు దిగజారుతున్నారో ముందే పట్టుకోవడం. 40 నుంచి 60 మందిని చూడటం చాలా చోట్ల మామూలే, వాళ్లలో మిమ్మల్ని కదిలించేది పది పదిహేను మంది.

సైనవుట్‌ను ఐ-పాస్ క్రమంలో తీసుకోండి: రోగి ఎంత జబ్బుగా ఉన్నాడు, క్లుప్తంగా కథ, చేయాల్సిన పనులు, ఏమైనా జరగొచ్చు అనుకుంటే ఏం చేయాలి, చివరగా మీరు విన్నది తిరిగి చెప్పడం. ఈ పద్ధతిని తొమ్మిది ఆసుపత్రుల్లో ప్రవేశపెట్టి చూసిన పరిశోధన 2014లో వచ్చింది. వైద్యపరమైన పొరపాట్లు 23 శాతం తగ్గాయి. ‘పన్నెండింటికి హిమోగ్లోబిన్ చూడు’ అని ఎవరైనా అంటే ‘ఎంతకు తగ్గితే ఏం చేయాలి?’ అని అక్కడికక్కడే అడగండి. జవాబు లేని పనిని తీసుకోకండి.

నర్సు ఫోన్ చేస్తే ఇప్పటి వైటల్స్, ముందుకన్నా ఏం మారింది అన్నవి అడగండి. ఛాతీ నొప్పి, ఆయాసం, బీపీ పడిపోవడం, మనిషి మాట తేడాగా ఉండటం, కింద పడటం: వీటికి ఫోన్లో ఆర్డర్ ఇవ్వొద్దు, లేచి వెళ్లండి. ‘నాకేదో తేడాగా అనిపిస్తోంది’ అని అనుభవమున్న నర్సు అన్నా వెళ్లండి. పడినవాళ్ల విషయంలో తల తగిలిందా, రక్తం పలచబడే మందు వాడుతున్నారా అన్నవే నిర్ణయాన్ని మార్చేవి.

రాత్రికి రెండు మూడుసార్లు వచ్చే ఫోన్ ఒకటి చూద్దాం: ‘పొటాషియం 2.9’. వేలు అలవాటుగా పొటాషియం ఆర్డర్ మీదికి పోతుంది. ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు) చూడండి, డయాలిసిస్ రోగేమో చూడండి. వాళ్లకు మామూలు మోతాదు ఇస్తే తెల్లారేసరికి ప్రమాదం తారుమారవుతుంది. తర్వాత మెగ్నీషియం. అది తక్కువగా ఉంటే ఎంత పొటాషియం పోసినా నిలవదు, కాబట్టి రెండూ సరిచేయాలి. ఈసీజీ తీయించండి. 10 మిల్లీ ఈక్వివలెంట్లకు సుమారు 0.1 పెరుగుతుందన్నది మోటు లెక్క. మింగగలిగితే నోటితో 40, కొన్ని గంటల తర్వాత మరో 40. చేతి నరంలోంచి అయితే గంటకు 10 దాటించరు, మంట కూడా ఉంటుంది. ఆఖరున మళ్లీ పరీక్షకు ఆర్డర్ వేసి, పొద్దున టీముకు చెప్పండి. కిడ్నీ, మెగ్నీషియం, మళ్లీ పరీక్ష, ఈ మూడింట్లో ఏదో ఒకటి వదిలేయడం వల్లే తప్పులు జరుగుతాయి.

నిద్ర పట్టడం లేదన్న 80 ఏళ్ల ఆవిడకు డైఫెన్‌హైడ్రమిన్ (మత్తు తెచ్చే అలర్జీ మందు) రాయొద్దు. అయోమయంలో పడి మూడింటికి మంచం దిగుతుంది. మెలటోనిన్ 3 మిల్లీగ్రాములు, లైటు ఆర్పించడం, అర్ధరాత్రి అవసరం లేని బీపీ చూడటం ఆపించడం మేలు. చాలాకాలంగా వాడుతున్న మందుల్ని రాత్రిపూట మార్చకండి, అది పగటి టీమ్ పని. మంచం దాకా వెళ్లిన ప్రతిసారీ నాలుగు లైన్ల నోటు రాయండి. సీనియర్‌ను నిద్రలేపినందుకు విసుక్కునేవాళ్లు ఉంటారు, భరించండి. పిలవకపోవడం వల్ల వచ్చే చిక్కు అంతకన్నా పెద్దది.

చదవాల్సింది పెద్దగా లేదు. బీపీ తగ్గడం, ఆయాసం, గుండె వేగం పెరగడం, మత్తు, జ్వరం, మూత్రం తగ్గడం. ఈ ఆరింటికీ మొదటి పదిహేను నిమిషాల్లో చేయాల్సింది ఒక్కో కార్డు మీద రాసుకుంటే చాలు.

ప్రశ్న: స్టెప్ 3 ఎప్పుడు రాయాలి?
(డా. ఎన్., మిషిగన్)

స్టెప్ 3 అంటే అమెరికా వైద్య లైసెన్సు పరీక్షల్లో చివరిది. ఎలెక్టివ్ బ్లాకు మూడో వారంలో రాయండి. పరీక్ష రెండు రోజులు, రెండూ వరుసగా ఉండనక్కర్లేదు. మొదటి రోజు 232 ప్రశ్నలు, రెండో రోజు 180 ప్రశ్నలు, 13 కంప్యూటర్ కేసులు (తెర మీది రోగికి వైద్యం చేయడం). ప్రశ్నలు వార్డు అనుభవంతో కొంత నెట్టుకురావచ్చు. కేసుల సాఫ్ట్‌వేర్ మాత్రం ముందే అలవాటు చేసుకోవాలి. జబ్బు తెలిసినా, గడియారం ముందుకు జరపడం, రోగిని సరైన చోటికి పంపడం రాక మార్కులు పోతాయి. రేడియాలజీ, డెర్మటాలజీకి వెళ్లేవాళ్లు వాయిదా వేయొద్దు. మెడిసిన్ ఇంత తాజాగా మళ్లీ ఉండదు. హెచ్-1బీ కావాలనుకునేవాళ్లు వీసాకు ముందే పాసై ఉండాలి కాబట్టి వాళ్ల లెక్క వేరు.

ప్రశ్న: నాకు ప్రిలిమ్ ఒక్కటే వచ్చింది, అడ్వాన్స్‌డ్ రాలేదు. జే-1 వీసా. చేరాలా, మరో ఏడాది ఆగాలా?
(డా. ఎం., కర్నూలు)

మ్యాచ్‌లో వచ్చిందైతే ఆ ప్రశ్నే లేదు. మ్యాచ్ ఒప్పందం కట్టుబాటు. ఎన్ఆర్ఎంపీ మినహాయింపు లేకుండా వదిలేస్తే ముందుముందు మ్యాచ్‌లకే అడ్డం వస్తుంది. చేరడం మంచిదని మా అభిప్రాయం కూడా. అయితే కళ్లు తెరుచుకుని చేరండి. ఈ సీటు జూన్ 30తో ముగుస్తుంది, కొనసాగింపు హామీ ఉండదు.

మీకున్న అసలు ఇబ్బంది తేదీలు. జులై 1న చేరితే సెప్టెంబరు చివరికల్లా కొత్త దరఖాస్తులు ప్రోగ్రాముల చేతిలో ఉంటాయి. మధ్యలో మూడు బ్లాకులే. కాబట్టి షెడ్యూలు గట్టిపడకముందే, ఏప్రిల్, మే నెలల్లోనే చీఫ్‌కు రాయండి: జులై, ఆగస్టుల్లో వార్డు, నవంబరు నుంచి జనవరిలోపు ఒకటి రెండు ఎలెక్టివ్‌లు కావాలని. మొదటివి సిఫారసు లేఖల కోసం, రెండోవి ఇంటర్వ్యూల కోసం. లేఖ అడిగేది ఆగస్టు మూడో వారంలో, మీతో రెండు వారాలైనా కలిసి పనిచేసిన అటెండింగ్‌ను (టీముకు బాధ్యుడైన పెద్ద డాక్టరును). ప్రోగ్రామ్ డైరెక్టర్ లేఖ లేకుండా పంపితే ‘ఎందుకు లేదు?’ అన్న ప్రశ్న లేస్తుంది.

మ్యాచ్‌లో ‘ఆర్’ రకం సీట్లను విడిగా వెతకండి. మీలా ఒక ఏడాది పూర్తిచేసినవాళ్ల కోసం ఉంచినవి, అదే జులైలో రెండో ఏడాదితో మొదలవుతాయి. ఇక మీ ఆసుపత్రిలోనే ఎవరైనా కేటగారికల్ వదిలి వెళ్తే ఆ సీటు బయటికి రాకముందే భర్తీ అయిపోతుంది. మెడిసిన్‌లో ఉండటానికి మీకు అభ్యంతరం లేకపోతే ఆ మాట డైరెక్టర్‌కు అక్టోబరులోనే చెప్పండి. మీ ప్రిలిమ్ మెడిసిన్ ఏడాది అక్కడ మొదటి ఏడాదిగా లెక్కకొస్తుంది. ప్రిలిమ్ సర్జరీకి ఆ సౌలభ్యం లేదు. సోప్‌లో సర్జరీ ప్రిలిమ్‌లు ఎక్కువగా మిగిలి కనిపిస్తాయి గానీ తొందరపడి పట్టుకునేముందు ఈ తేడా చూసుకోండి.

శిక్షణకు వచ్చే విదేశీ డాక్టర్ల వీసా జే-1లో మూడు సంగతులు. ఆ వీసాకు ఆధారమైన పత్రం డీఎస్-2019 ఏడాదికే ఇస్తారు, కొత్త కాంట్రాక్టు ఉంటేనే పొడిగిస్తారు. లేకపోతే ప్రోగ్రామ్ ముగిశాక 30 రోజుల్లో దేశం విడవాలి. విభాగం మార్చుకోవడం ఒక్కసారే, అదీ మొదటి రెండేళ్లలోపే. రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు ఒక్క ఏడాది చేసినవాళ్లకూ వర్తిస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి జులైలో చేరాడు. పది రోజులకోసారి ఫోన్ చేసి రెండు నిమిషాల్లో పెట్టేస్తున్నాడు. దీపావళికి వెళ్దామంటే వద్దంటున్నాడు. కంగారుగా ఉంది.
(ఒక అమ్మ, రాజమండ్రి)

అమ్మా, ఐసీయూ, నైట్ నెలల్లో అలాగే ఉంటుంది. బాబు షెడ్యూలు ఏడాది మొత్తానికీ ముందే వచ్చి ఉంటుంది. ఒక కాపీ పంపమనండి. ఎలెక్టివ్ లేదా సెలవు వారాల్లో వెళ్తే మీతో కూర్చుని భోంచేస్తాడు. వార్డు నెలలో వెళ్తే మీరు గోడలు చూస్తూ కూర్చోవాలి, అతనికి ఆ బాధ అదనం.

ఒక్క విషయం గట్టిగా చెప్పండి: 24 గంటల డ్యూటీ తర్వాత సొంతంగా కారు నడపొద్దని. అమెరికా ఇంటర్న్‌ల మీద 2005లో వచ్చిన ఒక పరిశోధనలో, అంతసేపు డ్యూటీ చేసి వెళ్లేటప్పుడు ప్రమాదం జరిగే అవకాశం రెండు రెట్లకు పైగా ఉందని తేలింది. అలిసినవాళ్లు ఇల్లు చేరడానికి ఆసుపత్రే దారి చూపాలన్నది నిబంధన, అడగడానికి మొహమాటం అక్కర్లేదు. మాటల్లో నిరాశ వినిపిస్తే, ‘నేను లేకపోయినా’ లాంటి మాట వస్తే ఆగకండి. అక్కడ ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్ 988కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, రెసిడెంట్లకు కౌన్సెలింగ్ కూడా అందుబాటులో ఉంటుంది.

ప్రశ్న: ఇంటర్న్ ఏడాదిలో ప్రసవం. సెలవు ఇస్తారా?
(డా. ఎల్., న్యూజెర్సీ)

ఇస్తారు. 2022 జులై నుంచి ఏసీజీఎంఈ నియమం ప్రకారం శిక్షణ కాలంలో ఒక్కసారైనా ఆరు వారాలు పూర్తి జీతంతో ఇవ్వాలి, చేరిన రోజు నుంచే అర్హత. జీతం వేరు, శిక్షణ పూర్తవడం వేరు. ప్రిలిమ్ పన్నెండు నెలలూ పూర్తిచేసి రావాలని మీ అడ్వాన్స్‌డ్ ప్రోగ్రామ్ అంటే జులైలో కొన్ని వారాలు అదనంగా చేయాల్సి రావచ్చు. ఇద్దరు డైరెక్టర్లకూ ఒకే మెయిల్‌లో రాసి, చేరే తేదీని కాగితం మీద ఖాయం చేసుకోండి.

ప్రశ్న: ప్రిలిమ్ ఒక రాష్ట్రంలో, అడ్వాన్స్‌డ్ ఇంకో రాష్ట్రంలో. జూన్ 30న ముగిసి జులై 1న చేరాలి. ఎలా?
(డా. జి., పెన్సిల్వేనియా)

సప్లిమెంటల్ లిస్టులో ఊరు చూసుకోమన్నది ఇందుకే. ఓరియెంటేషన్ జూన్ మూడో వారంలోనే పెట్టే అడ్వాన్స్‌డ్ ప్రోగ్రాములు ఉన్నాయి. అప్పటికి మీరు ఇంకా వార్డులో ఉంటారు. ఏడాది మొదట్లోనే ఆఖరి సెలవు వారాన్ని జూన్ చివరికి అడగండి. ప్రిలిమ్‌లందరూ అదే వారం అడుగుతారు, ముందు అడిగినవాళ్లకే దొరుకుతుంది.

కొత్త రాష్ట్రపు శిక్షణ లైసెన్సు దరఖాస్తు ఫిబ్రవరి, మార్చిలో పెట్టేయండి. మెడికల్ కాలేజీ నుంచి నేరుగా రావాల్సిన పత్రాల దగ్గరే ఎక్కువ ఆలస్యం జరుగుతుంది, వాటిని మొదట కదిలించండి. ఏసీఎల్ఎస్ (గుండె ఆగినప్పుడు చేసే అత్యవసర వైద్యం) సర్టిఫికెట్ గడువు జులైలో అయిపోతుంటే మేలోనే పునరుద్ధరించుకోండి, పాత ఆసుపత్రి ఖర్చుతోనే అయిపోతుంది. జే-1 వాళ్లు కొత్త కాంట్రాక్టు రాగానే డీఎస్-2019 పని మొదలుపెట్టాలి. ఆరోగ్య బీమా జూన్ 30 అర్ధరాత్రితో ఆగిపోతుందా, నెలాఖరు దాటి ఉంటుందా అని హెచ్ఆర్‌ను అడగండి. టీకాల రికార్డు, టీబీ పరీక్ష ఫలితం, ఏడాది పూర్తిచేసినట్టు ధ్రువపత్రం పీడీఎఫ్‌లుగా మీ సొంత మెయిల్‌కు పంపుకోండి. పాత ఆసుపత్రి మెయిల్ మూతపడ్డాక వాటికోసం ఫోన్లు చేస్తూ తిరగాల్సి వస్తుంది.